టైగర్ మాస్క్ వర్సెస్ డైనమైట్ కిడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మనలో చాలామందికి రెజ్లింగ్ అంటే అండర్‌టేకర్, జాన్ సీనా, రే మిస్టీరియో. ఇంకొంచెం పెద్దవాళ్ళయితే బడి వరండాలో ఆడుకున్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు గుర్తొస్తాయి. వాటికంటే ముందు, 1981 నుంచి 1983 దాకా, జపాన్‌లో ఇద్దరు చిన్న సైజు మనుషులు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన స్పీడు రెజ్లింగ్‌లో సగం అక్కడ పుట్టిందే. దాని గురించి పదే పదే వినబడే ప్రశ్నలు, నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

ఇంతకీ ఎవరీ ఇద్దరు?

టైగర్ మాస్క్ ముసుగు వెనక ఉన్నది సతోరు సయామా. 1957 నవంబరు 27న జపాన్‌లోని యమాగుచి ప్రాంతంలో, షిమొనొసెకిలో పుట్టాడు. డైనమైట్ కిడ్ అసలు పేరు థామస్ బిల్లింగ్టన్, అందరూ టామ్ అనేవారు. 1958 డిసెంబరు 5న ఇంగ్లండ్‌లోని గోల్‌బోర్న్ అనే బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు. ఇద్దరి మధ్య వయసు తేడా ఏడాది. ఎత్తు ఇద్దరిదీ దాదాపు ఒకటే, ఐదడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర. అంటే మన వీధిలో నడిచిపోతే ఎవరూ తల తిప్పి చూడరు.

జూనియర్ హెవీవెయిట్ అంటే? కుర్రాళ్ళ విభాగమా?

కాదు. ఇక్కడ 'జూనియర్' అనేది వయసును బట్టి కాదు, బరువును బట్టి వచ్చిన మాట. హెవీవెయిట్ల కంటే ఒక మెట్టు కింద. న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థలో ఈ విభాగానికి హద్దు 100 కిలోలు. యాభై ఏళ్ళొచ్చినా జూనియర్‌గానే ఉండిపోయినవాళ్ళున్నారు.

జపాన్‌లో ఈ విభాగానికి పునాది వేసింది తత్సుమి ఫుజినామి. 1978 జనవరి 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హోసే ఎస్త్రాదాని ఓడించి జూనియర్ బెల్టు ఇంటికి తెచ్చాడు. 1981 చివర్లో అతను హెవీవెయిట్‌కి వెళ్ళిపోతూ ఆ బెల్టు వదిలేశాడు. ఆ ఖాళీ గుర్తుపెట్టుకోండి, మన కథలో దానికి పనుంది.

రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే అనుకుంటారు కదా. మరి పోటీ ఏమిటి?

నిజమే, ఎవరు గెలవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. వీధి నాటకం చూసేవాళ్ళకి దుర్యోధనుడు చివర్లో పడిపోతాడని తెలియదా? తెలుసు. అయినా మయసభ పద్యం ఎవరు బాగా పాడారని తెల్లవార్లూ వాదించుకుంటారు. ఇదీ అంతే. ఫలితం మీద పోటీ ఉండదు, పని మీద ఉంటుంది. ఎవరు వేగంగా కదిలారు, ఎవరు జనాన్ని సీటు అంచు మీదకి లాక్కొచ్చారు, అవతలివాడి దెబ్బని ఎవరు ఎక్కువ నమ్మించారు. ఈ నమ్మించడాన్నే ఆ వృత్తిలో సెల్లింగ్ అంటారు.

ఇంకో సంగతి. గెలుపు ముందే అనుకున్నదైనా, పడటం అబద్ధం కాదు. తల కిందులుగా ఎత్తి కుదేస్తే వెన్నెముకకి స్క్రిప్టు తెలియదు. ఈ ఇద్దరి కథలో చివరికి మిగిలేది అదే, కింద వస్తుంది.

కార్టూన్ పులి నిజం మనిషిగా ఎలా మారింది?

టైగర్ మాస్క్ మొదట కాగితం మీద పుట్టాడు. ఇక్కి కజివారా రాయగా, నవోకి త్సుజి బొమ్మలు వేసిన మాంగా అది, 1968లో మొదలైంది. అనాథగా పెరిగిన కుర్రాడు పులి ముసుగు వేసుకుని కుస్తీ పడతాడు, వచ్చిన డబ్బు అనాథాశ్రమానికి ఇస్తాడు. జపాన్ పిల్లలకి ఆ పాత్ర ఎంత దగ్గరంటే, 2010 డిసెంబరులో మయెబాషి నగరంలో ఎవరో పేరు చెప్పకుండా, పిల్లల సంరక్షణ కేంద్రం దగ్గర పది స్కూలు బ్యాగులు పెట్టి, ఆ కథానాయకుడి పేరుతో చీటీ రాసి వెళ్ళిపోయారు. దాన్ని చూసి దేశమంతా అదే పేరుతో విరాళాలు మొదలయ్యాయి.

1981 ఏప్రిల్ 20న టీవీ అసాహిలో ఈ పాత్రతో రెండో కార్టూన్ సీరియల్ మొదలైంది. న్యూ జపాన్ కుస్తీలు వచ్చేది కూడా అదే చానల్లో, శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి. కార్టూన్‌కి ప్రచారంగా నిజమైన టైగర్ మాస్క్‌ని రింగులోకి దింపితే? ఆలోచన అక్కడ పుట్టింది. న్యూ జపాన్ వ్యవహారాలు చూసే హిసాషి షిన్మా ముసుగు కోసం తల వెతుకుతుంటే సయామా గుర్తొచ్చాడు.

సయామా అప్పటికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. అంతకుముందు మెక్సికోలో ఎగిరి దూకే లూచా లిబ్రే పద్ధతి నేర్చాడు. ఇంకా ముందు, టోక్యోలో కొత్త కుర్రాడిగా ఉన్నప్పుడే, కిక్ బాక్సింగ్ జిమ్‌కి వెళ్ళి కాళ్ళతో కొట్టడం నేర్చాడు. ఇంగ్లండ్‌లో అతని పేరు సామీ లీ. బ్రూస్ లీకి చుట్టమని చెప్పి టికెట్లు అమ్మారు. జనం విరగబడ్డారు. అలాంటివాడిని పిలిచి, కార్టూన్ ముసుగేసుకో అంటే ఎవరికైనా చిరాకేగా. అతనూ ఇష్టంగా రాలేదు. ఒక్క మ్యాచ్ ఆడి తిరిగి ఇంగ్లండ్ వెళ్ళిపోదామన్న లెక్కతో విమానమెక్కాడు.

డైనమైట్ అప్పటికి ఏ స్థాయిలో ఉన్నాడు?

ఇతన్ని తెచ్చి పులికి ఎరగా వేశారు అనుకుంటారు కొందరు. తప్పు. అప్పటికే అతను పేరున్న మనిషి.

టెడ్ బెట్లీ అనే పాతకాలం రెజ్లర్ దగ్గర నేర్చుకుని 1975లో, పదిహేడేళ్ళకే రింగెక్కాడు. 1977లో బ్రిటిష్ లైట్‌వెయిట్ బెల్టు గెలిచాడు. 1978లో కెనడాలోని కాల్గరీకి, స్టూ హార్ట్ నడిపే స్టాంపీడ్ రెజ్లింగ్‌కి చేరాడు. బ్రెట్ హార్ట్ పేరు వినే ఉంటారు, ఆ ఇల్లే. పీలగా ఉన్న కుర్రాడు దిగితే మొదట వీడేం చేస్తాడనుకున్నారట, రింగులో చూశాక నోళ్ళు మూతపడ్డాయి. 1979లో ఇంకో సంస్థ తరఫున మొదటిసారి జపాన్ వచ్చాడు, 1980 నుంచి న్యూ జపాన్‌కి మారాడు. జపాన్ అభిమానులు పెట్టిన ముద్దుపేరుకి అర్థం 'బాంబు పిల్లోడు'. ముద్దు ఏముంది అందులో అనుకుంటున్నారా, అతని ఆట చూస్తే తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే, సయామా ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకునే నాటికి ఇంగ్లండ్ వాడైన బిల్లింగ్టన్ కెనడాలో ఉన్నాడు. ఒకరి ఊళ్ళో ఒకరు లేనప్పుడు తిరిగి, చివరికి టోక్యోలో కలిశారు.

మొదటి మ్యాచ్‌లో అంత ఏం జరిగింది?

1981 ఏప్రిల్ 23. టోక్యోలోని కురమాయె కొకుగికాన్, అప్పటి సుమో హాలు. ఆ రాత్రి జనం వచ్చింది న్యూ జపాన్ అధినేత అంతోనియో ఇనోకి, స్టాన్ హాన్సెన్‌ల మ్యాచ్ కోసం. టైగర్ మాస్క్ అనేది మధ్యలో పిల్లల కోసం పెట్టిన ఐటమ్.

పైగా ముసుగు సరిగ్గా కుదరలేదు. హడావిడిగా కుట్టి రంగు వేసిందది. భుజాల మీద వేసుకున్న గుడ్డ దుప్పటిలా ఉంది. హాల్లో నవ్వులు. ఊళ్ళో పులివేషగాడు డప్పు లేకుండా వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ప్రవేశం. సయామా స్థానంలో నేనుంటే ఆ నవ్వులకే సగం చచ్చిపోయేవాణ్ణి.

గంట మోగింది. మొదటి నిమిషంలోనే నవ్వులు ఆగాయి. డైనమైట్ చెయ్యి పట్టుకుని మెలిపెడితే, టైగర్ మాస్క్ పల్టీలు కొట్టి ఆ మెలిక విప్పుకుని లేచాడు. తర్వాత తాళ్ళ వైపు పరుగెత్తి, బయట ఉన్న డైనమైట్ మీదకి దూకుతున్నట్టే వెళ్ళి, చివరి క్షణంలో తాళ్ళు పట్టుకుని గిరుక్కున తిరిగి రింగులోకే వచ్చి నిలబడ్డాడు. గాల్లో కాలు తిప్పి కొట్టే తన్నులు, అది కూడా కిక్ బాక్సర్ వేగంతో. అప్పటిదాకా జపాన్ జనానికి హెవీవెయిట్ల నిదానమైన, భారమైన కుస్తీ అలవాటు. వాళ్ళ కళ్ళు ఇతని వెనక పరుగెత్తలేకపోయాయి.

తొమ్మిదిన్నర నిమిషాల్లోపే అయిపోయింది. జర్మన్ సప్లెక్స్, అంటే వెనక నుంచి నడుం పట్టి ఎత్తి, తను వంతెనలా వెనక్కి వంగి, అవతలివాడి భుజాలు మ్యాట్‌కి అంటించి అలాగే పట్టి ఉంచడం. రిఫరీ మూడు కొట్టాడు. హాలు లేచి నిలబడింది. సయామా ఇంగ్లండ్ టికెట్ ఇక అక్కర్లేకపోయింది.

ఆ మ్యాచ్ రెండోసారి చూసేటప్పుడు ఒక పని చేయండి. పులిని వదిలేసి డైనమైట్‌నే చూడండి. కొత్తవాడి వేగానికి ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడ్డాడు, ఎప్పుడు తడబడాలో అప్పుడు తడబడ్డాడు. 'వీడెవడ్రా' అన్న చూపు ముఖంలో పెట్టుకుని జనం చూపుని తనే నడిపించాడు. పులిని చూసి జనం కంటే ముందు ఆశ్చర్యపోయింది అతనే. అతను ఆశ్చర్యపోకపోతే జనం పోయేవాళ్ళు కాదు.

వాళ్ళ మ్యాచుల్లో ఏవి చూడాలి?

అన్నీ వెతుక్కుని కూర్చోనక్కర్లేదు. నా వరస ఇది.

1981 ఏప్రిల్ 23 ఎలాగూ తప్పదు. ఆ తర్వాత 1982 జనవరి 1, టోక్యో కొరాకుయెన్ హాల్. ఫుజినామి వదిలేసిన జూనియర్ బెల్టు కోసం ఇద్దరూ తలపడితే టైగర్ మాస్క్ గెలిచాడు. టైగర్ మాస్క్‌గా అతని మొదటి పెద్ద బెల్టు అదే. కొత్త సంవత్సరం రోజు మ్యాచ్ కాబట్టి ఇంటిల్లిపాదీ టీవీ ముందున్నారని ఊహించుకుంటూ చూస్తే ఇంకా బాగుంటుంది.

1982 ఆగస్టు 5న టోక్యోలో జరిగినదానికి, డేవ్ మెల్ట్జర్ నడిపే రెజ్లింగ్ అబ్జర్వర్ పత్రిక పాఠకుల ఓటింగులో ఆ ఏటి మేటి మ్యాచ్‌గా పేరొచ్చింది. ఒక్కటే చూసే టైముంటే దీన్నే చూడమంటాను. 1981లో ఒకరినొకరు కొలుచుకుంటున్నారు. ఇక్కడికొచ్చేసరికి ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. డైనమైట్ ఇక ఆశ్చర్యపోయే మనిషి కాదు, కక్ష పట్టిన మనిషి.

అదే నెల 30న మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అమెరికా జనానికి ఇద్దరూ కొత్త. మొదట చప్పగా కూర్చుని, తర్వాత మెల్లగా కదిలి, ఆ పైన అరిచారు. మ్యాచ్ చిన్నదే. గెలుపు టైగర్ మాస్క్‌దే. నేను దీన్ని చూసేది మ్యాచ్ కోసం కాదు, ఆ జనం మారడం కోసం.

చివరిది 1983 ఏప్రిల్ 21, మళ్ళీ కురమాయెలోనే. మెల్ట్జర్ దీనికి ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. ఫలితం తేలలేదు. అభిమానుల్లో చాలామంది ఇదే శిఖరం అంటారు. నాకు మాత్రం ఇందులో కొంచెం అతి కనిపిస్తుంది. ఇద్దరూ తమ గొప్పతనం తమకి తెలిసిపోయినట్టు ఆడారు. అయినా రింగు బయట డైనమైట్ పడిన తీరు చూసి మా తమ్ముడు 'బతికే ఉన్నాడా' అని అడిగాడు.

డైనమైట్ ఎప్పుడైనా ఆ బెల్టు గెలిచాడా?

సయామా మీద గెలవలేదు. సయామా వెళ్ళిపోయాక, 1984 ఫిబ్రవరి 7న ముగ్గురి మధ్య జరిగిన పోటీలో ది కోబ్రానీ, తన కజిన్ డేవీ బాయ్ స్మిత్‌నీ దాటి ఆ జూనియర్ బెల్టు పట్టాడు. పులి లేని అడవిలో పట్టాభిషేకం. అదే ఏడాది నవంబరులో పోటీ సంస్థ ఆల్ జపాన్‌కి మారిపోతూ దాన్నీ వదిలేశాడు.

ఇద్దరిలో ఎవరు గొప్ప?

దీని మీద ఇప్పటికీ తన్నుకుంటారు. సయామా కదలిక ఇంకెవరికీ రాలేదు, అందులో వాదన లేదు. కిక్ బాక్సింగ్, లూచా లిబ్రే, జపాన్ పద్ధతి మూడూ ఒకే ఒంట్లో కలిశాయి. అయితే అతని ప్రతి విద్యకీ ఒక షరతు ఉంది. అవతల నిలబడ్డవాడు సరైన చోట, సరైన క్షణంలో, సరిగ్గా పడాలి. అర అడుగు తప్పినా పులి పిల్లిమొగ్గ వేసినట్టుంటుంది.

డైనమైట్ అలా పడ్డాడు. గాల్లోంచి దూకిన మనిషిని కాంక్రీటు మీద పట్టుకున్నాడు. తన్ను తగిలితే నిజంగా తిరిగి పడ్డాడు. కార్నర్‌లోకి విసిరితే ఛాతీతో వెళ్ళి స్తంభాన్ని గుద్దాడు. తన వంతు వచ్చినప్పుడు కూడా తగ్గలేదు. అతను వేసే స్నాప్ సప్లెక్స్ ఎత్తడం కనబడదు, పడిన చప్పుడే వినబడుతుంది. పై తాడు మీదనుంచి తలతో దూకే హెడ్‌బట్ అయితే ఇద్దరికీ నొప్పే.

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడని మన సామెత. వేరే అర్థంలో అన్నదే, కానీ ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. నా లెక్కలో టైగర్ మాస్క్‌ని కజివారా సృష్టించాడు, సయామా కదిలించాడు, జనం చేత నమ్మించింది మాత్రం డైనమైట్.

రే మిస్టీరియో 619 ఇక్కడి నుంచే వచ్చిందా?

మూలం ఇక్కడిదే. మొదటి మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు తాళ్ళ మధ్య తిరిగి వెనక్కి రావడం అన్నాను చూడండి, అది దూకుతున్నట్టు మోసగించే ఎత్తు. అందుకే దాన్ని టైగర్ ఫెయింట్ అనేవారు. సయామా దాంతో ఎవరినీ తన్నేవాడు కాదు. తర్వాతివాళ్ళు తాళ్ళ మీద ఒక మనిషిని వేలాడేసి అదే తిరుగుడుని తన్నుగా మార్చారు. మిస్టీరియో తన సాన్ డియాగో ఊరి ఫోన్ కోడ్ 619 దానికి పేరుగా పెట్టాడు. మన ఇళ్ళల్లో సోఫా మీద నుంచి దూకి పిల్లలు విరగ్గొట్టిన వస్తువుల లెక్కలో సయామాకీ వాటా ఉందన్నమాట.

టైగర్ మాస్క్‌కి వేరే ప్రత్యర్థులే లేరా?

ఉన్నారు, గట్టివాళ్ళే. ఇంగ్లండ్‌లో తనతో తలపడ్డ మార్క్ రోకో నల్ల ముసుగు వేసుకుని బ్లాక్ టైగర్‌గా వచ్చాడు. కునియాకి కొబయాషి 1982 చివర్లో మొదలుపెట్టి ముసుగు చింపడమే పనిగా పెట్టుకున్నాడు. జపాన్ పిల్లలు నిజంగా భయపడింది కొబయాషికే. 1982 మే నెలలో లెస్ థార్న్‌టన్ మీద గెలిచి ఎన్‌డబ్ల్యూఏ అనే ఇంకో సంస్థ జూనియర్ బెల్టు కూడా తెచ్చుకున్నాడు టైగర్ మాస్క్. ఒకే నడుముకి రెండు సంస్థల బెల్టులు.

అంత ఊపులో ఉండగా 1983లో ఎందుకు ఆగిపోయింది?

1983 ఆగస్టులో సయామా ఉన్నట్టుండి న్యూ జపాన్‌కి రాంరాం చెప్పేశాడు. శుక్రవారం రాత్రి కార్యక్రమం ఇరవై శాతం పైన రేటింగ్ తెస్తున్న రోజులవి. సంస్థ లోపల మాత్రం పొగ రాజుకుంటోంది. కుస్తీల మీద వచ్చిన డబ్బు ఇనోకి సొంత వ్యాపారానికి పోతోందని లోపలివాళ్ళు తిరగబడ్డారు. సయామా విసుగుకి సొంత కారణాలూ ఉన్నాయి. ముసుగు మీద వచ్చే ఆదాయం ఎటు పోతోందో తెలియదు, ముసుగు తీసి మామూలు మనిషిగా బతకడానికి లేదు. అన్నిటికీ మించి, అతనికి నిజమైన పోరాటం మీద మనసు పోయింది.

తర్వాత సయామా ఏం చేశాడు?

1984లో యూడబ్ల్యూఎఫ్ అనే కొత్త సంస్థలో సూపర్ టైగర్‌గా ఆడాడు. అక్కడ ఎగరడాలు తగ్గాయి, తన్నులూ కీళ్ళు మెలిపెట్టే పట్లూ పెరిగాయి. 1985 సెప్టెంబరులో అకిరా మయేదాతో జరిగిన మ్యాచ్ అదుపు తప్పింది. అతను అక్కడి నుంచీ బయటికొచ్చేశాడు. రెజ్లింగ్ గుట్టు విప్పుతూ ఆ ఏడే ఒక పుస్తకం కూడా వేశాడు. తోటివాళ్ళు క్షమించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అసలు పెద్ద పని షూటో. కొట్టడం, విసరడం, పట్టడం మూడూ కలిసిన నిజమైన పోటీకి నియమాలు రాసి, కుర్రాళ్ళకి నేర్పి, 1989లో ప్రొఫెషనల్ పోటీలు మొదలుపెట్టాడు. అమెరికాలో యూఎఫ్‌సీ మొదలైంది 1993లో. ఇవాళ ఎంఎంఏ అని మనం చూసేదానికి పునాది వేసినవాళ్ళలో ఒక కార్టూన్ పులి ఉన్నాడంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ఇప్పుడు కనబడే టైగర్ మాస్క్ అతనేనా?

కాదు. ముసుగు చేతులు మారింది. 1984లో ఆల్ జపాన్‌లో రెండో టైగర్ మాస్క్‌గా వచ్చింది మిత్సుహారు మిసావా. మూడోవాడు కోజి కనెమొతో. 1995లో వచ్చిన నాలుగోవాడు సయామా స్వయంగా తయారుచేసిన శిష్యుడు.

డైనమైట్ జీవితం ఎలా సాగింది?

ఇది రాయడం కష్టం. డేవీ బాయ్ స్మిత్‌తో కలిసి బ్రిటిష్ బుల్‌డాగ్స్ జంటగా డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి వెళ్ళాడు. 1986 ఏప్రిల్ 7న రెజిల్‌మేనియా 2లో ట్యాగ్ టీమ్ బెల్టులు గెలిచారు. డబ్బు, పేరు, బుల్‌డాగ్ కుక్క, అన్నీ ఉన్నాయి. ఆ డిసెంబరులో కెనడాలోని హామిల్టన్‌లో మ్యాచ్ మధ్యలో పరుగెత్తుతుంటే వెన్ను పట్టేసింది. డిస్కులు చితికిపోయాయి. 1987 జనవరిలో బెల్టులు అప్పగించే మ్యాచ్‌కి, నడవలేని మనిషిని డేవీ మోసుకొచ్చినంత పని చేశాడు.

వెన్ను ఒక్కటే కాదు. హెవీవెయిట్ల లోకంలో నిలబడటానికి స్టెరాయిడ్లు, నొప్పికి మాత్రలు, పొద్దున లేవడానికి ఒకటి, రాత్రి పడుకోవడానికి ఇంకోటి. ఇవన్నీ తనే ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు.

అతన్ని చూసి పెరిగిన కెనడా కుర్రాడు క్రిస్ బెన్వా, హెడ్‌బట్‌తో సహా డైనమైట్‌ని అచ్చు దింపాడు. 2007లో బెన్వా భార్యనీ కొడుకునీ చంపి తనూ చనిపోయాడు. తర్వాత పరీక్షిస్తే అతని మెదడు బాగా దెబ్బతిని ఉంది. ఆ హెడ్‌బట్‌ని ఇప్పుడు నేను మునుపటిలా చూడలేను.

మనిషిగా మంచివాడేనా?

ఆట మీద ప్రేమతో దీన్ని దాటేయకూడదు. తోటి రెజ్లర్ల మీద అతను చేసే 'సరదాలు' క్రూరంగా ఉండేవి. 1988లో తెర వెనక జాక్ రూజో కొట్టిన దెబ్బకి పళ్ళు రాలాయి, అది అతనే మొదలుపెట్టిన గొడవ. ఇంట్లో తను ఎదుర్కొన్న హింస గురించి మాజీ భార్య బయటికొచ్చి చెప్పారు. రింగులో అవతలివాడి కోసం అంత గొప్పగా పడిన మనిషి, రింగు బయట అవతలివాడి నొప్పిని పట్టించుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషి చేసినవే.

1983 తర్వాత ఇద్దరూ మళ్ళీ ఎదురుపడ్డారా?

పడ్డారు. 1996 అక్టోబరు 10న, టోక్యో ర్యోగోకు కొకుగికాన్‌లో. కురమాయె హాలు అప్పటికి లేదు, దాని బదులు కట్టిందే ఇది. మిచినొకు ప్రో అనే చిన్న సంస్థ పెట్టిన ముగ్గురేసి మనుషుల మ్యాచ్. ఒక వైపు సయామా, మళ్ళీ పులి ముసుగులో, అతని పక్కన మిల్ మాస్కరస్, గ్రేట్ సాస్కె. ఇంకో వైపు డోస్ కరాస్, పాత శత్రువు కొబయాషి, డైనమైట్ కిడ్.

డైనమైట్‌కి వయసు ముప్పై ఎనిమిది కూడా నిండలేదు. కండలన్నీ కరిగిపోయాయి. ఒంటికి అతుక్కుని ఉండాల్సిన రెజ్లింగ్ టైట్స్ కాళ్ళ చుట్టూ వదులుగా వేలాడాయి. సయామా బొద్దుగా మారాడు. గంట మోగాక అయినా డైనమైట్ పాత స్నాప్ సప్లెక్స్ వేయడానికి చూశాడు. జనం అతని పేరు పెట్టి అరిచారు. టైగర్ మాస్క్ మొదటి రాత్రి జనంలో ఉన్న పిల్లలకి ఇప్పుడు పాతికేళ్ళు దాటి ఉంటాయి.

మర్నాడు ఇంటికి బయల్దేరిన డైనమైట్‌కి ఎయిర్‌పోర్టులో మూర్ఛ వచ్చింది. అదే అతని ఆఖరి మ్యాచ్. 1997లో ఎడమ కాలు పడిపోయి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 2018 డిసెంబరు 5న, సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజునాడు, ఇంగ్లండ్‌లో చనిపోయాడు.